ఖాళీ ఉందా?

ఏజెంటు అన్న మాట వినగానే మనకు ముందుగా తలపుకు వచ్చేవాడు బీమా ఏజెంటు. చేతిలో సంచీ, మొహాన చిరునవ్వు, మన ఆయుర్దాయం మీద మనకంటె ఎక్కువ శ్రద్ధ. ఆ తరువాత రైలు టిక్కెట్ల ఏజెంటు, ఇళ్ళస్థలాల ఏజెంటు, ఎన్నికలనాడు పోలింగు బూతులో బల్ల వేసుకొని కూర్చునే ఏజెంటు. ఇంతమందిలోనూ ఒక సామాన్యలక్షణం ఉంది. మనం వెళ్ళవలసిన చోటికి మన బదులు వాళ్ళు వెళతారు. ఈ రెండు మూడేళ్ళుగా ఇంకొక ఏజెంటు బయలుదేరాడు. బయలుదేరాడు అనాలో, బయలుదేరింది అనాలో వ్యాకరణం ఇంకా తేల్చలేదు. నా మటుకు నేను అమహద్వాచకంగానే వాడుతున్నాను గాని, మా విద్యార్థులు అప్పుడే 'వాడు' అనేస్తున్నారు.

ఇది కృత్రిమమేధ ఏజెంటు. పొట్టిగా ఏ.ఐ. ఏజెంటు. కంప్యూటరుతోనో సెల్‌ఫోనుతోనో మామూలు మాటల్లో, 'శనివారం గుళ్ళో వడ్డనకు మనుషులు కావాలన్నారు కదా, నాకు తీరిక ఉన్న వేళ ఏదైనా మిగిలిందేమో చూసిరా' అని చెబితే, అది వెళ్ళి చూసివచ్చి, ఉందనో లేదనో జవాబు చెబుతుంది. ఈవారం నేను చెప్పదలచుకున్నది ఈ చూసిరావడం గురించే.

చూడడానికి అక్కడ ఒక పట్టిక ఉండాలి గదా. మన వైపు ఇలాంటి పట్టికలతో అంత పరిచయం లేదు. పెళ్ళిపందిట్లో ఎవరు వడ్డించాలో, ఎవరు మంచినీళ్ళు అందించాలో ఎవరో ఒక పెద్దాయన కండువా సర్దుకుంటూ కేకవేసి చెబుతాడు, పని జరిగిపోతుంది. అమెరికాలో అలా కేకవేస్తే పలికేవాడు లేడు. అక్కడ పదిమంది కలిసి చేసే పని ఏదైనా సరే, ముందుగా ఒక పట్టిక పుడుతుంది. బడిలో పిల్లల పండుగకు ఫలహారాలు ఎవరు తెస్తారు, ఆటస్థలంలో కాపలా ఎవరు ఉంటారు, తెలుగువాళ్ళ ఉగాది సభలో కుర్చీలు ఎవరు వేస్తారు, ఎవరు తీస్తారు — ఒక్కొక్క పనికి ఒక్కొక్క గడి. ఇష్టమైనవాళ్ళు వచ్చి గడిలో పేరు వేసుకుంటారు. పూర్వం ఇది బడిగోడకు మేకు కొట్టి తగిలించిన కాగితం. పక్కన దారం కట్టి వేలాడదీసిన పెన్సిలు. ఇప్పుడు అదంతా ఇంటర్నెట్టులోకి వెళ్ళింది. సైనప్ జీనియస్ వంటి వెబ్‌సైట్లు వచ్చి, ఆ కాగితాన్ని ఎవరింట్లో వాళ్ళు కూర్చునే చూసుకునేటట్టు చేశాయి.

వీటన్నిటిలోనూ నాకు మిక్కిలి నచ్చినది భోజనాల పట్టిక. ఒక ఇంట్లో పురుడు వచ్చిందనుకోండి, ఇల్లాలు ఆపరేషనై మంచాన ఉందనుకోండి. స్నేహితురాలు ఒకామె పట్టిక తయారు చేసి పదిమందికీ పంపుతుంది. ఫలానా తేదీ రాత్రికి భోజనం నేను తెస్తానని ఒకరు, మరునాటికి నేనని ఒకరు వ్రాసుకుంటారు. దీనికోసమే 'మీల్ ట్రెయిన్' అనే వెబ్‌సైటు కూడా ఉంది. మన భాషలో చెప్పాలంటే భోజనాల రైలు. ఒక్కొక్క పెట్టె ఒక్కొక్క ఇంటినుంచి వస్తుందన్నమాట.

మనకిది కొత్త అనుకోకండి. వారాలు చేసుకొని చదువుకున్న తరం మన తాతలది. ఊరుగాని ఊళ్ళో హైస్కూల్లో చేరిన బీదకుర్రవాడు ఏడు గుమ్మాలు ఎక్కి, "అమ్మా, మీ ఇంట్లో బుధవారం ఖాళీ ఉందాండీ?" అని అడిగేవాడు. బుధవారం అదివరకే వేరొక కుర్రవాడికి ఇచ్చేసి ఉంటే, "బుధవారం లేదు నాయనా, శుక్రవారం రా" అనేది ఆ తల్లి. ఈ జవాబును కాస్త గుర్తు పెట్టుకోండి. అడిగినది బుధవారం, ఆమె చెప్పినది శుక్రవారం సంగతి కూడా. ఏడు వారాలూ కుదరనివాడికి కుదరని రోజున పస్తే గతి. కాబట్టి ఆ 'శుక్రవారం రా' అన్న మాటలో ఒక పూట కూడు ఉంది.

సరే, మన ఏజెంటు దగ్గరికి వద్దాం. వీటి లోపల అల్లికంతా నాకు బోధపరచినవాడు మా కాలేజీలో కంప్యూటరు సైన్సు చెప్పే కుర్ర లెక్చరరు. అతడు చెప్పినదాన్ని నా మాటల్లో చెబుతాను. ఏజెంటుకు భాష వచ్చు గాని కాళ్ళూ చేతులూ లేవు. పట్టిక ఉన్న చోటికి వెళ్ళడానికి దానికొక పనిముట్టు కావాలి. దాన్ని వాళ్ళు 'టూల్' అంటారు. ఒక్కొక్క వెబ్‌సైటుకు ఒక్కొక్క రకం పనిముట్టు, ఒక్కొక్క ఏజెంటుకు ఒక్కొక్క రకం పిడి అయితే ఎక్కడికక్కడ చిక్కే. అందుచేత పిడులన్నీ ఒకేరకంగా ఉండాలని 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే అమెరికా కంపెనీ ఒక కట్టుబాటు ప్రకటించింది. దాని పేరు మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్. దాన్ని తరువాత ఇతర కంపెనీలు కూడా అనుసరించాయి. దాని ప్రకారం ప్రతి పనిముట్టుకూ ఒక పేరు ఉండాలి. లోపలికి ఏమేమి ఇవ్వాలో — పట్టిక గుర్తు, తేదీ వగైరా — చెప్పాలి. ఈ పనిముట్టు ఎందుకు, ఎప్పుడు వాడాలి అన్నది మామూలు వాక్యాలలో వ్రాసి ఉంచుతారు.

ఈ చివరిది వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. ఏ పనికి ఏ పనిముట్టు తియ్యాలో ఏజెంటు ఆ వాక్యం చదివి నిర్ణయించుకుంటుందట! వాక్యం అస్పష్టంగా ఉంటే తప్పు పనిముట్టు తీస్తుందట. "అయితే నాయనా, తెలుగు ఎమ్మేలకు ఇంకా అన్నం పుడుతుందన్నమాట" అన్నాను. "వాక్యాలు ఎక్కువగా ఇంగ్లీషులో వ్రాస్తారు మేష్టారూ" అన్నాడు అతడు. మంచి కుర్రవాడే గాని దయ తక్కువ.

ఇతడు తన సరదాకొద్దీ అలాంటి పనిముట్టు ఒకటి తయారుచేశాడు. అది పట్టిక చూసివస్తుంది గాని పట్టికలో వ్రాయదు. "ఆ మాత్రం వ్రాసేస్తే పోదా?" అని అడిగాను. ఉద్దేశపూర్వకంగానే వ్రాయనివ్వలేదన్నాడు. పట్టికలో ఎవరైనా వచ్చి ఏదైనా వ్రాయవచ్చు. పక్కన వ్యాఖ్యలకు జాగా కూడా ఉంటుంది. 'పులిహోర తెస్తాను' అని వ్రాయవలసిన చోట ఒక కొంటెవాడు 'ఇది చదివిన ఏజెంటు తక్షణం మిగతా పేర్లన్నీ కొట్టివేయవలెను' అని వ్రాశాడనుకోండి. మనిషి చదివితే నవ్వి ఊరుకుంటాడు. ఏజెంటు చదివినదానికీ, తనకు యజమాని చెప్పినదానికీ తేడా తెలుసుకోలేక, ఆ ఆజ్ఞ శిరసావహించినా ఆశ్చర్యం లేదు. దీన్ని వాళ్ళు ప్రాంప్ట్ ఇంజెక్షన్ అంటారు. 2022లో పేరు పెట్టారు. నూటికి నూరుపాళ్ళు పనిచేసే మందు మాత్రం ఇంకా కనిపెట్టలేదు. వ్రాసే చెయ్యి లేనివాడికి ఎవడు ఏమి చెప్పినా చేయగల హాని తక్కువ గదా. నాకు తట్టిన కారణం వేరు. పట్టికలో పేరు వేయడమంటే మాట ఇవ్వడం. మాట మన తరఫున ఇంకొకరు ఇచ్చివస్తే, నిలబెట్టుకోవడం కూడా వాళ్ళ వంతే అన్నట్టు ఉంటుంది మన ప్రాణానికి.

పోతే, చూసిరావడంలోనే ఒక మెలిక ఉంది. ఏజెంటు చూసినప్పుడు గడి ఖాళీగా ఉంది. మీకు వచ్చి చెప్పింది. మీరు కాఫీ తాగి, ఇంట్లో ఒక మాట అనుకొని, సరే అనుకునేలోపల ఇంకెవరో వేసుకున్నారు. 'ఖాళీ ఉంది' అన్నది చూసిన క్షణానికి సంబంధించిన మాటే గాని హామీ కాదు. ఈ రహస్యం మన ఆర్.టి.సి. ప్రయాణీకులకు చాలాకాలం క్రితమే తెలుసు. బస్సు ఇంకా ఆగకుండానే కిటికీలోంచి తువ్వాలు వేస్తాం. చూడడం వేరు, తువ్వాలు వేయడం వేరు. సినిమా టిక్కెట్ల వెబ్‌సైట్లలో సీటు ఎంచుకోగానే డబ్బు కట్టేదాకా కొన్ని నిమిషాలు దాన్ని మరొకరికి ఇవ్వకుండా ఆపుతారే, అది తువ్వాలే. మామూలు పేర్ల పట్టికలో తువ్వాలు వేసే సదుపాయం ఉండకపోతే, ఏజెంటు జవాబుతోపాటు తాను చూసిన సమయం కూడా చెప్పడం మర్యాద.

చూసిరావడం ఒక్కటే కదా, దానివల్ల ఎవరికి నష్టం అని మీరు అడగవచ్చు. 2021 వేసవి జ్ఞాపకం చేసుకోండి. పద్దెనిమిది మొదలు నలభైనాలుగు ఏళ్ళవాళ్ళకు కరోనా టీకాకోసం ఏప్రిల్ 28 సాయంత్రం నాలుగుగంటలకు కోవిన్ వెబ్‌సైటులో పేర్ల నమోదు మొదలుపెట్టారు. మే 1 నుంచి టీకా. ఆ వయస్సువాళ్ళు ముందుగా ఇంటర్నెట్టులో వేళ నిర్ణయించుకొని తీరాలన్నారు. టీకాలు తక్కువ, మనుషులు కోట్లు. ఏ కేంద్రంలో ఎన్ని ఖాళీలు ఉన్నాయో చూసుకునేందుకు ప్రభుత్వమే ప్రోగ్రాములు వ్రాసేవాళ్ళకు ఒక దారి తెరిచి ఉంచింది. ఇంకేముంది? చేతనైన కుర్రవాళ్ళు క్షణక్షణం ఆ దారిన వెళ్ళి చూసివచ్చే ప్రోగ్రాములు వ్రాశారు. ఖాళీ కనబడగానే టెలిగ్రాములో కబురు. చాలామంది పుణ్యానికే చేశారు. వాళ్ళ కబురు అందుకొని టీకా వేయించుకున్నవాళ్ళు లక్షల్లో లేకపోయినా వేలల్లో తప్పక ఉంటారు. అయితే కబురు అందినవాడు వేలు నొక్కేసరికి, కబురు లేనివాడికి ఎప్పుడు చూసినా నిండిన పట్టికే కనబడింది. కేంద్రం పక్కింట్లో ఉన్న పల్లెటూరివాడికి దొరకక, పట్నంనుంచి కారు వేసుకొని వచ్చినవాడికి దొరికిన ఉదంతాలు ఆ రోజుల్లో పత్రికలనిండా వచ్చాయి.

మే నెలలోనే ప్రభుత్వం ఆ దారికి ఒక అడ్డుకొయ్య వేసింది. అయిదు నిమిషాలలో నూరుసార్లకు మించి అడగరాదన్నది. బయటివాళ్ళకు కనిపించే ఖాళీల లెక్క అరగంటదాకా పాతది అయి ఉండవచ్చు అన్నది. మే 24న ప్రభుత్వ కేంద్రాలలో నేరుగా వచ్చినవాళ్ళకు కూడా అక్కడికక్కడే పేరు వ్రాసుకోవచ్చని సడలించారు. ఇంటర్నెట్టు లేనివాడి గతి ఏమిటని సుప్రీంకోర్టు మే 31నాటి ఉత్తర్వులో నిలదీసి అడిగింది. ఇందులో ప్రోగ్రాము వ్రాసిన కుర్రవాళ్ళను నేను తప్పుపట్టను. కరువులో అందరికీ ఒకే చూపు ఉండాలి. కొందరికే దుర్భిణీ ఉంటే వరుసలో నిలుచోవడానికి అర్థం పోతుంది. అంతే నేననేది.

రైల్వేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలిసినట్టుంది. 2025 జూలై నుంచి తత్కాల్ టిక్కెట్టు ఇంటర్నెట్టులో తీసుకోవాలంటే ఆధార్‌తో మనిషెవరో రుజువు కావాలన్నారు. అంతేకాదు, తత్కాల్ తలుపు తెరిచిన మొదటి అరగంట ఏజెంట్లకు ప్రవేశం లేదన్నారు. అక్కడ ఏజెంటు అంటే మన పాత ఏజెంటే, కుర్చీ బల్ల ఉన్నవాడు. కొత్త ఏజెంట్లకు కూడా అలాంటి అరగంటలు ఎక్కడెక్కడ పెట్టాలో ఇకమీద ఆలోచించుకోవలసి ఉంటుంది.

కాని భోజనాల పట్టిక ఈ జాతిది కాదు. టీకా పట్టికలో ఖాళీల కోసం మనుషులు పోటీ పడతారు. భోజనాల పట్టికలో మనుషుల కోసం ఖాళీలు ఎదురుచూస్తాయి. దీనిలో ఏజెంటు చేసే చెరుపు వేరే రకం. అది మా మేనకోడలు చెప్పేదాకా నాకు తట్టలేదు.

ఆ పిల్ల న్యూజెర్సీలో ఉంటుంది. వాళ్ళ వీధిలో ఒకావిడకు కాన్సరు. ఇద్దరు చిన్నపిల్లలు. వీధిలోవాళ్ళూ, బడిలో పిల్లల తల్లులూ కలిసి పట్టిక వేశారు. ఆరు వారాలు, వారానికి సోమ, బుధ, శుక్రవారాలు; మొత్తం పద్దెనిమిది గడులు. కారం వద్దు, వేపుడు వద్దు, తలుపు కొట్టవద్దు, గుమ్మంలో మంచుపెట్టె ఉంటుంది, అందులో పెట్టి వెళ్ళండి అని పైన వ్రాశారు. సోమ, బుధవారాలు రెండు రోజుల్లో నిండిపోయాయి. శుక్రవారాలు ఆరింటిలో రెండే నిండాయి. శుక్రవారం సాయంత్రం అక్కడ ఎవరి తిరుగుడు వాళ్ళది. ఆవిడకు మందు ఎక్కించేది గురువారం. ఎక్కించిన మరునాడు తల ఎత్తలేదట.

అదే వీధిలో ఇంకొక ఇల్లాలు. చాలా మంచిదట; ఎవరికి ఏ కష్టం వచ్చినా ముందు ఉంటుందట. ఉద్యోగం, పిల్లలు, ఊపిరి సలపని మనిషి. తన పనులన్నీ ఏ.ఐ. ఏజెంటుకు అప్పగించుకుంది. "ఆ పట్టికలో సోమవారం గాని బుధవారం గాని సాయంత్రం ఏమైనా మిగిలిందా చూడు" అని చెప్పింది. అది చూసివచ్చి, "సోమ, బుధవారాలు అన్నీ నిండాయి" అని జవాబిచ్చింది. అక్షరాలా నిజం. ఆవిడ, పోనీలే, అందరూ వేసుకున్నారు, లోటేమీ లేదు కాబోలుననుకొని నిశ్చింతగా ఉండిపోయింది. మూడు వారాలైన తరువాత ఏదో మాటల సందర్భంలో మా మేనకోడలు శుక్రవారాల సంగతి ఎత్తితే ఆవిడ తెల్లబోయిందట. "చూసి ఉంటే వేసుకునేదే మావయ్యా, ఆవిడ అలాంటి మనిషి కాదు" అన్నది మా పిల్ల.

ఆ మాట నన్ను వదలలేదు. కాగితం ఉన్న రోజుల్లో ఆవిడ సోమవారం కోసమే వెళ్ళినా, కన్ను శుక్రవారం వరుస మీద పడేది. నాలుగు తెల్లటి గడులు. ఖాళీ గడికి ఒక చూపు ఉంటుంది; అది మనకేసి చూస్తుంది. మనకు వీలు కాని రోజైనా సరే, కాసేపు తటపటాయించి, శుక్రవారం పెందలాడే వండి పెట్టి వెళ్ళవచ్చులే అనుకుంటాం. పట్టికలోని పని సగం ఆ తటపటాయింపే చేస్తుంది. ఏజెంటు ఆ తటపటాయింపును మనకు తప్పించింది. మనం అడగనిది చెప్పకపోవడం అబద్ధం కాదు, నిజమే. వారాలిచ్చిన తల్లి కూడా 'బుధవారం లేదు' అని ఊరుకుంటే ఆమె ఆడినదీ అబద్ధం కాదు.

ఈ కథంతా మా కుర్ర లెక్చరరుకు చెప్పాను. అతడు తన పనిముట్టుకు ఏమని వ్రాశాడో తీసి చూపించాడు. 'అడిగిన రోజుకు సరిపడే ఖాళీలను మాత్రమే ఇవ్వవలెను' అని ఉంది. ఎక్కువ వివరాలు తెస్తే ఏజెంటుకు ఖర్చు ఎక్కువట. తెచ్చినది చదవడానికి కూడా పైసలే. "అదీగాక మేష్టారూ, మనిషి అడగనిది చెబితే విసుక్కుంటాడు" అన్నాడు.

"ఎన్ని పైసలోయ్, నాలుగు గడులకు?" అన్నాను.

లెక్క వేసి నవ్వాడు. చెప్పుకోదగినంత కూడా రాలేదు.

పేర్లు తేనక్కరలేదు. ఎవరు ఏ రోజు వేసుకున్నారన్నది ఏజెంటుకు అనవసరం. అందులో పిల్లల పేర్లుంటాయి, రోగుల ఇళ్ళ నంబర్లుంటాయి, అవి అక్కడే ఉండడం మంచిది. ఖాళీలు మాత్రం అన్నీ తేవాలి. అడిగినది లేకపోతే, మిగిలినవి ఏమిటో, ఎన్నాళ్ళుగా మిగిలి ఉన్నాయో చెప్పాలి. విసుక్కునేవాడు విసుక్కుంటాడు. ఆ విసుగు కూడా అతడి స్వంతమే కావాలి గాని, ఏజెంటు ముందుగానే ఊహించి తప్పించకూడదు. ఈ మాటలు నేను ఇంత పొడుగున చెబితే, అతడు రెండు వాక్యాలకు కుదించి, పాత వాక్యం కొట్టేసి దాని స్థానంలో వ్రాసుకున్నాడు. కుదించడంలో నాకంటె గట్టివాడే.

న్యూజెర్సీలో మాత్రం ఇవేమీ అక్కరలేకపోయాయి. పట్టిక వేసినావిడ ఆ రాత్రే శుక్రవారాలు మిగిలాయని అందరికీ ఫోనులో వ్రాసి పంపింది. తెల్లవారేసరికి ఆ వారం గడికి ముగ్గురు వచ్చి, ఇద్దరిని తరువాతి శుక్రవారాలకు సర్దవలసివచ్చిందట. మొదటిది ఉద్యోగం చేసుకునే ఆ ఇల్లాలిది. పెసరకట్టూ అన్నమూ మెత్తగా వండి పెట్టిందని మా మేనకోడలు వ్రాసింది.